నాలుగు గ్రూపుల మెదడు స్కాన్లు ఒకచోటికి తేవాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

తొలివోక్సెల్

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు నిజంగా సలహా కావాల్సి వచ్చింది.

మాది చిన్న గ్రూపు. వయసు మీదపడ్డవాళ్లలో మతిమరుపు ముదరకముందే హిప్పోకాంపస్‌లో (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) వచ్చే మార్పుల మీద పనిచేస్తున్నాం. ఆరేళ్లు తిరిగితే 74 మంది స్కాన్లు పోగయ్యాయి. ఇదే పని చేస్తున్న ఇంకో మూడు గ్రూపులతో పరిచయమైంది. అందరివీ కలిపితే 313. అందరం టీ1 బొమ్మలు (మెదడు నిర్మాణాన్ని చూపే ఎంఆర్ఐ) తీశాం, విశ్రాంతి స్థితిలో ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనితీరును చూపేది) తీశాం, జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టాం. కాగితం మీద చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి.

మొన్న నాలుగు గ్రూపులవాళ్లం కూర్చుంటే రెండు గంటల్లో ఒక్కటీ తేలలేదు. ఒకరు "అన్నీ ఒక సర్వర్లో పెట్టేద్దాం" అన్నారు. ఇంకొకరు "స్కాన్లు మా గడప దాటవు, కావాలంటే ఫలితాలు ఇస్తాం" అన్నారు. మూడో ఆయన అంతసేపూ వింటూ కూర్చుని చివర్లో ఒక్క మాట అడిగారు: "పేపర్ మీద స్కాన్లు తీసిన మా విద్యార్థుల పేర్లు ఎక్కడుంటాయి?" దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. అక్కడితో లేచాం.

ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. దేనితో మొదలుపెట్టాలి?

పాతకాపు

తొలివోక్సెల్ గారూ, ఆ మూడో ఆయన అడిగిన ప్రశ్న పాతికేళ్లుగా నలుగుతున్నదే. 2000 ప్రాంతంలో డార్ట్‌మత్ కాలేజీలో ఎఫ్ఎంఆర్ఐ డేటా సెంటర్ అని పెట్టారు. జర్నల్ ఆఫ్ కాగ్నిటివ్ న్యూరోసైన్స్‌లో పేపర్ రావాలంటే దాని వెనకున్న డేటా అక్కడికి పంపాలన్నారు. పెద్ద దుమారమే లేచింది. డేటా ఎవరిది, స్కాన్ ఇచ్చినవాళ్ల గోప్యత సంగతేంటి, మేం చెమటోడ్చి తీసినదాన్ని ఇంకెవరో వాడుకుంటే మాకేం మిగులుతుంది. అంటే మీ గదిలో మొన్న వినిపించిన మాటలే. ఆ కేంద్రం ఎక్కువకాలం నిలవలేదు.

తర్వాత రెండు రకాల ప్రయత్నాలు నిలబడ్డాయి. ఒకటి, స్కాన్ తీయకముందే అందరూ ఒక ప్రోటోకాల్ మీద ఒప్పుకోవడం. 2004లో మొదలైన ఏడీఎన్ఐ ఆ కోవలోది. అల్జీమర్స్ మీద ఎన్నో కేంద్రాలు ఒకే పద్ధతిలో స్కాన్లు తీసి, డేటాను దాచుకోకుండా, అడిగిన పరిశోధకులకు ఇస్తూ వచ్చాయి. రెండోది, ఎవరికి వారు తీసుకున్నవాటిని తర్వాత ఒకచోట పోయడం. 2009 డిసెంబరులో 1000 ఫంక్షనల్ కనెక్టోమ్స్ ప్రాజెక్టు అదే చేసింది. 35 కేంద్రాలు, 1,414 మంది, ఉమ్మడి ప్రోటోకాల్ అంటూ ఏదీ లేదు. అయినా వయసు వల్ల, ఆడామగా తేడా వల్ల మెదడులో కనిపించే మార్పులు ఆ గందరగోళంలోంచి కూడా బయటపడ్డాయి. కేంద్రానికీ కేంద్రానికీ ఉన్న తేడాలూ అంతే స్పష్టంగా కనబడ్డాయనుకోండి.

మీది రెండో కోవ. కాబట్టి సర్వర్ సంగతి తర్వాత. ముందు ఒక పని చేయండి. నాలుగు గ్రూపుల సమ్మతి పత్రాలు తెప్పించి పక్కపక్కన పెట్టి చదవండి.

లెక్కలపక్షం

పాతకాపు గారు చెప్పినదానికి తోడు ఇంకో కాగితం కూడా తెప్పించండి. ఏ గ్రూపులో రోగులెంతమంది, ఆరోగ్యవంతులెంతమంది?

కలపడం ఎందుకు తప్పనిసరో ముందు చెబుతాను. 2013లో వచ్చిన ఒక విశ్లేషణలో మెదడు ఘనపరిమాణాల మీద జరిగిన 461 అధ్యయనాలు పరిశీలిస్తే వాటి గణాంక శక్తి మధ్యస్థ విలువ 8 శాతం. అంటే తేడా నిజంగా ఉన్నా నూటికి తొంభైరెండు సార్లు మన కంటపడదు. పడినప్పుడు ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది, అది ఇంకా ప్రమాదం. 2022లో నేచర్‌లో వచ్చిన పేపర్ మరో అడుగు వేసి, మామూలు మనుషుల్లో మెదడు కొలతలకూ ప్రవర్తనకూ ముడిపెట్టాలంటే వేలమంది కావాలని తేల్చింది. మీ ప్రశ్న అంత కష్టమైనది కాదు, జబ్బు వల్ల హిప్పోకాంపస్ కుంచించుకుపోవడం కాస్త పెద్ద ప్రభావమే. 313 వృథా పోవు. కానీ 74తో ఆగిపోతే మీ ఆరేళ్ల శ్రమకు అన్యాయం జరుగుతుంది.

ఆ పట్టిక పెట్టండి, మిగతాది మాట్లాడదాం.

తొలివోక్సెల్

ఇదిగోండి. రోగులు ముందు, ఆరోగ్యవంతులు తర్వాత. మాది 38, 36. రెండో గ్రూపు 40, 48. మూడోది 61, 9. నాలుగోది 41, 40.

లెక్కలపక్షం

అనుకున్నంతా అయింది. మూడో గ్రూపులో దాదాపు అందరూ రోగులే. అక్కడి స్కానర్ హిప్పోకాంపస్‌ను రవ్వంత చిన్నదిగా చూపిస్తే, అది జబ్బా యంత్రమా అని విడదీయడం ఏ సూత్రానికీ చేతకాదు. కాంబ్యాట్ ఉంది కదా అని ఎవరో ఒకరు అంటారు. జన్యు డేటాలో బ్యాచ్ తేడాలు సవరించడానికి 2007లో పుట్టిన పద్ధతి అది. పదేళ్ల తర్వాత మెదడు స్కాన్లకు తెచ్చారు. మంచి పద్ధతి, నేనూ వాడతాను. అయితే ప్రతి కేంద్రంలో రెండు రకాలవాళ్లూ తగినంత మంది ఉన్నప్పుడే దాని మీద బరువు వేయగలం. తొమ్మిదిమంది ఆధారంగా 61 మందిని సరిచేయమంటే అది చేస్తుంది, ఒక అంకె కూడా ఇస్తుంది. ఆ అంకెను నేను నమ్మను.

అలాగని వాళ్లను వదిలేయక్కర్లేదు. రోగుల్లోనే హిప్పోకాంపస్ కొలతకూ జ్ఞాపకశక్తి మార్కుకూ ఉన్న సంబంధం చూడండి. ఆ ప్రశ్నకు ఆ 61 మంది బంగారం. రోగులకూ ఆరోగ్యవంతులకూ పోలిక మాత్రం మిగతా మూడు గ్రూపులతో చేయండి. ఈ సంగతి ఫలితాలు చూడకముందే రాసిపెట్టుకోండి, చూశాక కాదు.

స్కానర్‌గది

నేను పరిశోధకుడిని కాను, స్కాన్లు తీసేవాణ్ణి. పదమూడేళ్లుగా ఇదే పని. కాబట్టి గదిలో జరిగేది చెబుతాను.

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే 3 టెస్లా అయస్కాంత బలం అయినా రెండు స్కానర్లు ఒకటి కావు. ఎఫ్‌బర్న్ అనే ఉమ్మడి పరిశోధన బృందం వాళ్లు అయిదుగురు మనుషుల్ని పది స్కానర్ల దగ్గరికి తిప్పి చూశారు. మెదళ్లు అవే, యంత్రాలే వేరు. తేడాలు వచ్చాయి. అంతెందుకు, ఒకే స్కానర్‌కు సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేస్తే ముందు బొమ్మలూ తర్వాత బొమ్మలూ వేరుగా కొలవబడతాయి. మీ ఆరేళ్లలో ఎన్ని అప్‌గ్రేడ్లు జరిగాయో, తల చుట్టూ పెట్టే హెడ్ కాయిల్ ఎప్పుడు మార్చారో పరిశోధకుల ఫైళ్లలో ఉండదు. స్కానర్ గదిలో లాగ్‌బుక్ ఉంటుంది, దాన్ని అడగండి. ఫాంటమ్ స్కాన్లు (మనిషి బదులు నమూనా వస్తువును పెట్టి యంత్రాన్ని పరీక్షించేవి) వారం వారం తీసి ఉంటే అవి కూడా అడిగి తీసుకోండి. వాటి విలువ చాలామందికి తెలియదు.

ఇంకోటి, ఇది నా కళ్లెదుట జరిగింది. మేం స్కాన్ చేసే ప్రతి మనిషికీ కుడి కణత మీద విటమిన్ ఇ గుళిక ఒకటి టేపుతో అంటిస్తాం. లోపల నూనె కాబట్టి టీ1 బొమ్మలో తెల్లగా, పూసలాగా మెరుస్తుంది. ఒకసారి వేరే గ్రూపుతో కలిపి పనిచేస్తూ, మా స్కాన్లు వాళ్లు మార్చి పంపిన ఫైళ్లు తెరిచి చూస్తున్నాను. పూస ఎడమవైపు ఉంది. ఇంకోటి తెరిచాను. ఎడమే. ఇరవైలో పదకొండు అలాగే ఉన్నాయి. పాత ఎనలైజ్ ఫార్మాట్లో కుడి ఎడమలు నికరంగా రాసి ఉండవు. మధ్యలో ఎవరో కొన్నిటికి వేరే స్క్రిప్టు వాడారు. మెదడు రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి చూడగానే ఎవరికీ తెలియదు. ఆ పూసే లేకపోతే కుడి హిప్పోకాంపస్‌ను ఎడమదిగా అచ్చేసేవాళ్లం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిఫ్టీ ఫార్మాట్ వచ్చాక దిశలు ఫైల్లోనే ఉంటున్నాయి. అయినా మీ నాలుగు గ్రూపుల పాత ఫైళ్లను నమ్మకండి. స్కానర్ నుంచి వచ్చిన డైకామ్ ఫైళ్లు ఇంకా ఉంటే మళ్లీ మొదటినుంచి మార్చండి. విశ్రాంతి స్కాన్లకు పొరలు ఏ వరుసలో తీశారో కూడా రాసుకోండి. ఒకటి విడిచి ఒకటి తీసే పద్ధతిలో సీమెన్స్ యంత్రం పొరల సంఖ్య బేసి అయితే మొదటిదానితో, సరి అయితే రెండోదానితో మొదలుపెడుతుంది. అలాగే కళ్లు మూసుకోమన్నారా, తెరిచి ఉంచమన్నారా? మేం చెప్పే ఆ ఒక్క మాటతో ఫలితం మారుతుంది.

తొలివోక్సెల్

స్కానర్‌గది గారూ, ఇది చదివి నేరుగా మా లాగ్‌బుక్ దగ్గరికి వెళ్లాను. మూడో ఏడు మధ్యలో ఒక పెద్ద అప్‌గ్రేడ్ ఉంది. ఆరేళ్లలో మాకెవరికీ తట్టలేదు. మీకు చాలా రుణపడి ఉంటాను.

సమ్మతి పత్రాలు కూడా వచ్చాయి. రెండు గ్రూపులవాటిలో "పేర్లు తీసేశాక ఇతర పరిశోధకులతో పంచుకోవచ్చు" అని ఉంది. మాది అందులో ఒకటి. మూడోదాంట్లో "ఈ అధ్యయనానికి మాత్రమే" అని ఉంది. నాలుగోదాంట్లో ఆ ప్రస్తావనే లేదు.

సమ్మతిపత్రం

ఎథిక్స్ కమిటీలో కొన్నాళ్లు పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను.

"ఈ అధ్యయనానికి మాత్రమే" అని సంతకం పెట్టించుకున్నాక దాన్ని సాగదీయకూడదు. ఆ మనుషులు మనల్ని నమ్మి ఆ గొట్టంలోకి వెళ్లారు. అందుబాటులో ఉన్నవాళ్లను మళ్లీ అడగండి. మిగతావాళ్ల స్కాన్లు అక్కడే ఉండాలి. ప్రస్తావనే లేని గ్రూపు వాళ్ల కమిటీకి రాతపూర్వకంగా వెళ్లి నిర్ణయం తీసుకోవాలి. ఇకముందు తీయబోయే స్కాన్లకు ఓపెన్ బ్రెయిన్ కన్సెంట్ నమూనా పత్రాలు చూడండి. చాలా భాషల్లో ఉన్నాయి.

ఇక "పేర్లు తీసేశాక" అన్న మాట. డైకామ్ హెడర్లో పేరు, పుట్టినరోజు, స్కాన్ తేదీ ఉంటాయని అందరికీ తెలుసు. కానీ వ్యాఖ్యల గడిలో ఎవరో తొందరలో టైప్ చేసిన ఫోన్ నంబరు నేను స్వయంగా చూశాను. నిఫ్టీకి మార్చినా ముఖం మిగిలే ఉంటుంది. టీ1 బొమ్మనుంచి ముక్కు, పెదాలు, గడ్డం అన్నీ త్రీడీలో లేపవచ్చు. 2019లో మేయో క్లినిక్ పరిశోధకులు 84 మంది ఎంఆర్ఐల నుంచి ముఖాలు కట్టి, మామూలుగా దొరికే ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలతో పోల్చారు. 70 మందిని సరిగ్గా పట్టింది. కాబట్టి ముఖభాగం చెరిపేయకుండా ఒక్క ఫైలూ గడప దాటకూడదు.

కోడుకట్ట

చెరిపేశాక ప్రతి బొమ్మనూ కంటితో చూడండి, దయచేసి. ఆ పరికరాలు ఒక్కోసారి ముఖంతోపాటు మెదడు ముందుభాగంలో ఒక ముక్క కూడా కోసేస్తాయి. 313 బొమ్మలంటే ఒక మనిషికి రెండు రోజుల పని, అంతే.

సమ్మతిపత్రం

నిజమే. ఇంకో సంగతి. ముఖం పోయినంత మాత్రాన ఇక గుర్తుపట్టలేరని కాదు. 2015లో 126 మంది మెదడు అనుసంధానాల నమూనాలు తీసుకుని, ఒక రోజు స్కాన్‌ను ఇంకో రోజు స్కాన్‌తో పోల్చి ఎవరిది ఎవరిదో చాలావరకు సరిగ్గా చెప్పగలిగారు. వేలిముద్రలాంటిదే అది. అందుకే సాంకేతిక జాగ్రత్త ఒక్కటే చాలదు. ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చేయబోమని డేటా తీసుకునే ప్రతి గ్రూపూ సంతకం పెట్టాలి.

కోడుకట్ట

మూడో గ్రూపు స్కాన్లు కదలకూడదు, రెండో గ్రూపువాళ్లు కదలనివ్వమంటున్నారు. సరే, కదలక్కర్లేదు. ఎనిగ్మా అనే అంతర్జాతీయ మెదడు పరిశోధన కూటమి పదిహేనేళ్లుగా చేస్తున్నది అదే. స్కాన్లు ఎక్కడివక్కడే ఉంటాయి, కోడ్ ప్రయాణం చేస్తుంది. అందరికీ ఒకే స్క్రిప్టు పంపుతారు, ప్రతి కేంద్రం తన దగ్గర నడిపి, కొలతల సారాంశం పంపుతుంది. వాటన్నిటినీ కలిపి మెటా విశ్లేషణ చేస్తారు. 2015లో వాళ్లు వేసిన పేపర్లో 50 బృందాల నుంచి 30,717 మంది ఉన్నారు. ఒక్క సర్వర్లో పోయాలంటే అంతమందిని ఎన్నటికీ కూడగట్టలేకపోయేవాళ్లు.

దీనికీ ఒక లోటుంది. ముందే అనుకున్న ప్రశ్నకే జవాబు వస్తుంది. రేపు కొత్త ఆలోచన వస్తే అందరి చుట్టూ మళ్లీ తిరగాలి. ఒక కేంద్రంలో ఏదో తేడాగా ఉందని అనుమానం వస్తే బొమ్మ తెరిచి చూడలేం. కాయిన్‌స్టాక్ లాంటి వ్యవస్థలు కేంద్రాల మధ్య లెక్కను పలుమార్లు తిప్పి ఈ దూరాన్ని కొంత తగ్గిస్తాయి. మీరు నలుగురే కాబట్టి నా సలహా ఇది: పంచుకోగలిగిన స్కాన్లు ఒకచోట, పంచుకోలేనివి వాటి చోట, రెండు చోట్లా ఒకే కంటైనర్ (కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా కలిపి కట్టిన మూట). మెదడు భాగాలను కొలిచే ఫ్రీసర్ఫర్ ఒకే వర్షన్ అంటే సరిపోదు, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా. 2012లో వర్షన్లను పోల్చి చూసినవాళ్లకు ఘనపరిమాణాల్లో సగటున 8.8 శాతం తేడా వచ్చింది. మీరు వెతుకుతున్న జబ్బు ప్రభావం కూడా ఆ దరిదాపుల్లోనే ఉండొచ్చు.

ఫైళ్లను బిడ్స్ అనే ఉమ్మడి అమరిక పద్ధతిలో పెట్టుకోండి. 2016 నుంచి వాడుకలో ఉంది. ప్రతి మనిషికి ఒక ఫోల్డర్, అందులో శరీర నిర్మాణ బొమ్మలకు ఒకటి, ఎఫ్ఎంఆర్ఐకి ఒకటి, ప్రతి బొమ్మ పక్కన దాన్ని ఎలా తీశారో చెప్పే చిన్న జేసన్ ఫైలు. స్కానర్‌గది గారు చెప్పిన పొరల వరుస ఉండాల్సింది అక్కడే. పైన అందరి వయసు, లింగం, గ్రూపు రాసే పట్టిక ఒకటి. అసలు పని అంతా ఆ పట్టికలోనే ఉంటుంది. చేశాక మీకే తెలుస్తుంది.

రాత్రిస్కాన్లు

మూడో ఆయన ప్రశ్నను అందరూ దాటేస్తున్నారు. నేను దాటలేను.

పీహెచ్‌డీలో నాలుగేళ్లు రాత్రిపూట స్కాన్లు తీశాను. పగలు స్కానర్ రోగులకు, రాత్రి ఎనిమిది తర్వాత మాకు. ఒక్కొక్కరిని ఫోన్ చేసి రప్పించి, భయపడేవాళ్ల పక్కన కూర్చుని ధైర్యం చెప్పి, కదిలినవాళ్లకు మళ్లీ తీసి. మా గైడు ఆ డేటాను ఒక పెద్ద గ్రూపుకు ఇచ్చారు. ఏడాదిన్నరకు పేపర్ వచ్చింది. కృతజ్ఞతల్లో మా సంస్థ పేరుంది, నాది లేదు. నా థీసిస్‌లో ప్రధాన ఫలితం అప్పటికే అచ్చైపోయింది కాబట్టి కొత్త ప్రశ్న వెతుక్కోవలసి వచ్చింది. ఆ గ్రూపు ఎవరో చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. కానీ అప్పటినుంచి డేటా పంచుకుందాం అనే మాట వింటే నాకు కడుపులో తిప్పుతుంది.

అయినా నేను పంచుకోవద్దనడం లేదు. 2016లో ఒక పెద్ద వైద్య పత్రిక సంపాదకీయం, ఇతరుల డేటా వాడుకునేవాళ్లను కొందరు "పరిశోధనా పరాన్నజీవులు" అంటున్నారని రాస్తే నాకు బాధేసింది. వాడుకోవడం తప్పు కాదు. తీసినవాళ్లను చెరిపేయడం తప్పు. తొలివోక్సెల్ గారూ, మీరు కలపబోయే ముందే రాసుకోండి: ఎవరు తీశారో పేరుపేరునా, మొదటి పేపర్‌కు ఎవరు హక్కుదారులు, విద్యార్థి థీసిస్ ప్రశ్న మీద ఎంతకాలం ఇంకెవరూ చేయి వేయకూడదు. డేటా మీదే విడిగా ఒక పేపర్ వేసి, డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకోండి. తర్వాత వాడినవాళ్లందరూ దాన్ని ఉదహరించాలి. దాని మొదటి రచయితలు స్కాన్లు తీసిన పిల్లలు కావాలి.

పాతకాపు

రాత్రిస్కాన్లు గారూ, మీరన్న ప్రతి మాటా నిజం. నేను మొదటి జవాబులో చరిత్ర చెప్పి ఊరుకున్నాను. ఇది అప్పుడే రాయాల్సింది.

మెదడిచ్చినామె

నేను ఈ రంగం మనిషిని కాను. వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది. మా అమ్మకు మతిమరుపు జబ్బు. ఆమెతోపాటు వెళ్లినప్పుడు "ఆరోగ్యవంతుల వైపు మనుషులు తక్కువగా ఉన్నారు, మీరు ఇస్తారా" అని అడిగితే నేనూ స్కాన్ ఇచ్చాను. నలభై నిమిషాలు. ఆ మోత, మెడ కదపకూడదని ఆ బిగుతు, ముక్కు దురద పెడితే గోక్కోలేకపోవడం ఇప్పటికీ గుర్తున్నాయి. తర్వాత నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఆ బొమ్మ ఏ డిస్కులో ఉందో, ఎవరైనా తెరిచారో లేదో తెలియదు.

నా మాట వినాలని ఉంటే ఇదీ నా మాట. ముఖం తీసేయండి, పేరు తీసేయండి. కానీ మూలన పడేయకండి. నేను ఇచ్చింది ఒక గ్రూపుకు కాదు, మా అమ్మలాంటి వాళ్లకు. మళ్లీ అడిగితే మళ్లీ సంతకం పెడతాను. అడగండి చాలు.

సమ్మతిపత్రం

అమ్మా, మీరు రాసింది మా కమిటీలో ఉన్నప్పుడు ఎవరైనా చదివి వినిపించి ఉంటే బాగుండేది. మళ్లీ అడిగితే జనం విసుక్కుంటారని మేమే అనేసుకునేవాళ్లం.

తొలివోక్సెల్

మూడు వారాలయింది. ఎక్కడిదాకా వచ్చామో చెప్పాలి కదా.

మూడో గ్రూపువాళ్లు తమ 70 మందికీ ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. ఇప్పటికి 44 మంది ఒప్పుకున్నారు, ముగ్గురు వద్దన్నారు, కొందరు ఈ లోకంలో లేరు. ఒప్పుకున్నవి వస్తాయి, మిగతావి అక్కడే ఉండి కోడ్ అక్కడికి వెళ్తుంది. నాలుగో గ్రూపు కమిటీ ముందు కాగితం పెట్టారు. రాత్రిస్కాన్లు గారు రాసినవాటిని దాదాపు అలాగే ఒప్పందంలో పెట్టాం. మూడో ఆయన రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టారు. స్కాన్లు తీసిన పదకొండుమంది పేర్లూ అనుబంధంలో ఉన్నాయి, స్కానర్ గదిలో పనిచేసేవాళ్లతో సహా.

కోడుకట్ట గారూ, పట్టిక గురించి మీరన్నది అక్షరాలా నిజం. రెండు గ్రూపుల నుంచి ముందుగా వచ్చిన అంకెలు కలిపి కపాలం లోపలి ఘనపరిమాణం గీసి చూస్తే, రెండో గ్రూపులో ఆడవాళ్ల సగటు మగవాళ్ల కంటే పెద్దగా వచ్చింది. అలా రాకూడదు. అరగంట స్క్రిప్టులో తప్పు వెతికాను. తప్పు స్క్రిప్టులో లేదు. మా పట్టికలో 1 అంటే మగ, వాళ్ల పట్టికలో 1 అంటే ఆడ. వాళ్లకు ఫోన్ చేస్తే, ఆ పట్టిక మొదలుపెట్టిన అమ్మాయి ఎప్పుడో వెళ్లిపోయిందట, 1 అంటే ఏమిటో ఎక్కడా రాసి లేదు. పాత కాగితం ఫారాలు తీసి అందరివీ సరిచూశారు. ఇప్పుడు మా పట్టికల్లో అంకెలు లేవు, "ఆడ", "మగ" అని అక్షరాల్లోనే రాస్తున్నాం.

స్కానర్‌గది గారూ, మా దగ్గర గుళికలు అంటించే అలవాటు లేదు. పాతవాటికి డైకామ్‌ల నుంచే మళ్లీ మారుస్తున్నాం. నిన్న తీసిన స్కాన్‌కు మాత్రం కుడి కణత మీద ఒకటి అంటించాం. బొమ్మ తెరవగానే అందరం ముందు ఆ పూస కోసమే చూశాం. కుడివైపే ఉంది.

ఇప్పుడు ఒక కొత్త చిక్కు. జ్ఞాపకశక్తి పరీక్షలో మేం పదిహేను మాటల జాబితా వాడాం, నాలుగో గ్రూపు పది మాటలది వాడింది. ఈ రెండు మార్కుల్ని ఒక కొలమానం మీదికి ఎలా తేవాలి? లెక్కలపక్షం గారూ, ఉన్నారా?

లెక్కలపక్షం

ఉన్నాను. రెండు పరీక్షలూ రాసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఉంటే ఎంతమంది?